ఇంటి దగ్గర్లో బార్, ఇద్దరికీ నచ్చే టేబుల్: ఈ వారం మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి, ఊరి చివర కాలనీల్లో ఉండే జంటలు సాయంత్రం పూట కాసేపు ఎక్కడ కూర్చోవాలి అని. అందుకే మిగతావన్నీ వచ్చే వారానికి తోసేసి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: మాది మియాపూర్. పెళ్లై నాలుగేళ్లు, బాబుకి రెండేళ్లు. శనివారం బాబుని నేను చూసుకుంటా, మీరిద్దరూ వెళ్లిరండి అన్నారు మా అత్తగారు, అంటే చేతిలో మూడు గంటలు. జూబ్లీహిల్స్ వెళ్తే అందులో సగం ట్రాఫిక్‌కే పోతుంది. దగ్గర్లో చూస్తే అన్నీ 'బార్ అండ్ రెస్టారెంట్' బోర్డులే, లోపల ఎలా ఉంటుందో తెలీదు. మా ఆవిడని తీసుకెళ్లొచ్చా? మంచిది ఏదో ఎలా కనిపెట్టాలి?

జవాబు: తీసుకెళ్లొచ్చా అని నన్నడిగారు సరే, ఆవిడని అడిగారా? ముందు ఆ పని చేయండి, ఎందుకంటే ఆవిడకి కావాల్సింది బార్ కాకుండా ఏసీలో కూర్చుని వేడివేడిగా ఏదైనా తినడం, బాబు ఏడుపు లేకుండా ఓ గంట మాట్లాడుకోవడం అయితే మీరు వెతకాల్సిన చోటే మారిపోతుంది.

బారే అనుకున్నారనుకుందాం. మీ వైపు మూడు రకాలుంటాయి. వైన్ షాప్ వెనక పర్మిట్ రూమ్ ఒకటి, దాని గురించి మాట్లాడక్కర్లేదు. రెండోది మీరు చెప్పిన పాత బార్ అండ్ రెస్టారెంట్, కింద హాలు, పైన 'ఏసీ ఫ్యామిలీ సెక్షన్'. మూడోది ఈ మధ్య హైవేల పక్కన, గేటెడ్ కమ్యూనిటీల మధ్యన లేచిన బ్రూవరీలు, పబ్బులు. అందరూ కళ్లు మూసుకుని మూడోదానికే పోతారు గానీ నేనైతే రెండోదాన్ని అంత తేలిగ్గా తీసిపారేయను, బాగా నడిపే పాత బార్‌లో తిండి బాగుంటుంది, బిల్లు తక్కువ, పాట మీద పాట వేసి చెవులు చిల్లులు పడేలా చేసే డీజే ఉండడు.

కనిపెట్టడానికి ఒక్కటే పద్ధతి. వారం మధ్యలో ఓ రోజు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఒక్కరే లోపలికి వెళ్లి చికెన్ 65 పార్సిల్ చెప్పండి, అది వచ్చేదాకా పది పదిహేను నిమిషాలు ఫ్యామిలీ సెక్షన్‌లో కూర్చుంటానని చెప్పి కూర్చోండి. ఆ కాసేపట్లో చూడాల్సినవన్నీ కనిపిస్తాయి. పైకి వెళ్లడానికి మెట్లు విడిగా ఉన్నాయా, లేక కింద హాల్లో తాగేవాళ్ల టేబుళ్ల మధ్యలోంచి వెళ్లాలా? కింద నిండిపోతే పదిమంది బ్యాచ్‌ని పైకి పంపిస్తున్నారా? అలా పంపిస్తుంటే అది పేరుకే ఫ్యామిలీ సెక్షన్. అక్కడ నిజంగా ఇంకో జంటో, పిల్లలతో వచ్చినవాళ్లో కనిపిస్తే సగం పని అయిపోయినట్టే.

తర్వాత లేడీస్ వాష్‌రూమ్. ఇది మీరు లోపలికి వెళ్లి చూడలేరు కాబట్టి వెయిటర్‌ని అడగండి, ఎక్కడుంది అని. వెంటనే చెయ్యి చూపిస్తే మంచిదే. 'తాళం మేనేజర్ దగ్గరుంది సార్' అన్నాడంటే అందులో ఖాళీ సీసాల అట్టపెట్టెలు ఉంటాయని అర్థం, ఆ బార్‌కి ఆడవాళ్లు రారని అర్థం, నిశ్శబ్దంగా పార్సిల్ తీసుకుని వచ్చేయండి. నా లెక్కలో వాష్‌రూమ్ బాగుండి సీలింగ్ పెచ్చులూడిన బార్, లైట్లు వేలాడదీసి వాష్‌రూమ్ కంపు కొట్టే బార్ కంటే వంద రెట్లు నయం.

సిగరెట్ పొగ కూడా గమనించండి. 2008 అక్టోబర్ 2 నుంచి ఇలాంటి చోట్ల హాల్లో సిగరెట్ కాల్చకూడదు, 30 మంది, ఆపైన కూర్చునే రెస్టారెంట్ అయితే విడిగా స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు అంతే. అయినా టేబుల్ మీద యాష్‌ట్రే పెట్టి ఉందంటే రూల్ సంగతి వాళ్లకి పట్టదన్నమాట, మీ ఆవిడ చున్నీ ఇంటికెళ్లాక కూడా కంపు కొడుతుంది.

ఇక కొన్ని బార్లలో ప్లైవుడ్ క్యాబిన్లు ఉంటాయి, ముందు కర్టెన్ కూడా. ప్రైవసీ కదా అని అందులో దూరకండి, గాలి ఆడదు, వెయిటర్ కనిపించడు, బయటినుంచి చూసేవాళ్లు ఏవేవో అనుకుంటారు. టీవీకి, కిచెన్ తలుపుకి దూరంగా గోడవారన నలుగురి టేబుల్ అడగండి. ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజైతే అసలు ప్లానే మార్చుకోండి, సిక్స్ కొట్టిన ప్రతిసారీ మాట ఆగిపోతుంది.

తిండికి నా పరీక్ష అపోలో ఫిష్, ఎలాగూ మన హైదరాబాద్ బార్లలో మామూలుగా దొరికే ఐటమే. ముళ్లు తీసిన చేప ముక్కలు పైన కాస్త కరకరమంటూ, లోపల మెత్తగా, కరివేపాకు పచ్చిమిర్చి వాసనతో పొగలు కక్కుతూ రావాలి. ఎర్రటి రంగు నీళ్లలో ఈదుతూ వచ్చిందా, పొద్దున వేయించి పెట్టిన ముక్కల్ని మళ్లీ సాస్‌లో తిప్పారన్నమాట. పార్సిల్ చికెన్ 65 ఇంటికి తెచ్చి టిష్యూ మీద పెడితే ఆ నూనె ఎంతుందో కూడా తెలిసిపోతుంది.

శనివారం ఆరున్నరకల్లా వెళ్లి కూర్చోండి. తొమ్మిదిన్నర దాటితే జనం మారతారు, గొంతులు పెరుగుతాయి, అప్పటికి మీరు బిల్లు కట్టేసి ఐస్‌క్రీమ్ కోసం నడుస్తుండాలి. బీరు సీసా అయితే టేబుల్ దగ్గరే మూత తీయమనండి, ఇద్దరికీ ఒక 650 ఎంఎల్ సీసా సరిపోతుంది, మొదటిసారి కదా, కరువు తీరా తాగక్కర్లేదు.

ప్రశ్న: నేను కొంపల్లిలో పీజీలో ఉంటా, వయసు 26. మ్యాట్రిమోనీలో పరిచయమైన అబ్బాయి మొదటిసారి కలుద్దాం అంటున్నాడు, వాళ్లింటి దగ్గర గచ్చిబౌలిలో ఒక బ్రూవరీ చెప్పాడు. నేను అప్పుడప్పుడు ఒక బీరు తాగుతా, అందులో దాచేదేం లేదు. కానీ మొదటిసారే బార్ అంటే తేడాగా అనుకుంటాడేమో అని ఒకటి, రాత్రి అంత దూరం నుంచి రావడం ఒకటి. వెళ్లనా?

జవాబు: చోటు చెప్పింది అతనే కదమ్మా, ఇంక తేడాగా అనుకునేదేముంది? అతను తాగొచ్చు గానీ మీరు తాగితే ముఖం మాడ్చుకుంటాడు అంటే అది మొదటి రోజే తెలియడం మీకే లాభం, పెళ్లిచూపుల్లో కాఫీ ఇస్తే ఇవన్నీ బయటపడవు.

దూరం సంగతి మాత్రం ఆలోచించాల్సిందే. కొంపల్లి ఒక మూల, గచ్చిబౌలి ఇంకో మూల. అతనికి ఇంటి పక్కన, మీకు గంట ప్రయాణం, ఇది సమానంగా లేదు. మధ్యలో కలుద్దాం అనండి, లేదా మీ వైపే మేడ్చల్ హైవే మీద, సైనిక్‌పురి వైపు బోలెడు చోట్లున్నాయి, అక్కడికి రమ్మనండి. వస్తాడా, 'అబ్బా అంత దూరమా' అంటాడా, అదీ ఒక సమాధానమే. ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి, వెలుతురు ఉంటుంది, బ్రూవరీల్లో మధ్యాహ్నం పిల్లల్తో వచ్చిన ఫ్యామిలీలు ఉంటాయి, పాటల సౌండ్ తక్కువ.

వెళ్లడం మీ క్యాబ్‌లో, రావడం మీ క్యాబ్‌లో. నేను దింపుతా అన్నా వద్దనండి, ఈసారికి. లైవ్ లొకేషన్ పీజీలో ఫ్రెండ్‌కి పెట్టండి. గ్లాసు వదిలేసి వాష్‌రూమ్‌కి వెళ్తే తిరిగొచ్చాక అది ముట్టుకోకండి, కొత్తది చెప్పండి, ఇది అతన్ని అనుమానించడం కాదు, ఎవరితో వెళ్లినా ఇంతే. ఏదైనా తేడా అనిపిస్తే మర్యాద కోసం కూర్చోవద్దు, మేనేజర్‌కి చెప్పి లేచి వచ్చేయండి, మరీ ఇబ్బందైతే 112 ఉంది. ఇంకోటి, ఆధార్ గానీ లైసెన్స్ గానీ దగ్గర పెట్టుకోండి, తెలంగాణలో 21 నిండనివాళ్లకి మందు పొయ్యకూడదు కాబట్టి గేటు దగ్గర అడగొచ్చు, 26 అని నోటితో చెప్తే వినరు.

ప్రశ్న: అన్నా, మాది బోడుప్పల్. రెండువేల బడ్జెట్ పెట్టుకున్న, మా లవర్ తాగదు, నేను రెండు బీర్లు కొడ్తా. ఉప్పల్ సైడ్ పోదామనుకుంటున్నం. బైక్ మీద పోతే ఏం కాదు కదా? రెండు బీర్లే కదా అన్నా?

జవాబు: ఏం కాదు అని నేను రాస్తే ఆ పేపర్ ముక్క కానిస్టేబుల్‌కి చూపిస్తావా తమ్ముడూ? లిమిట్ ఎంతో తెలుసా, 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు. రెండు బీర్లు కాదు, స్ట్రాంగ్ బీరు ఒక్కటి తాగినా దాటేయొచ్చు. మొదటిసారి దొరికితే 10,000 ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15,000 ఫైను, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. అంటే మొదటిసారి ఫైనే నీ రెండువేల బడ్జెట్‌కి ఐదింతలు. పైగా కౌన్సెలింగ్ అని ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని రమ్మంటారు, మీ నాన్నకి ఈ డేట్ గురించి అక్కడ తెలియడం నీకు ఇష్టమా?

బైక్ ఇంట్లో పెట్టు. ఉప్పల్ దాకా ఆటోలో పోవచ్చు, ఇంకాస్త మంచి చోటు కావాలంటే ఉప్పల్‌లోనే మెట్రో ఎక్కు, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే లైను, తార్నాక దిగినా సికింద్రాబాద్ దిగినా నీ ఇష్టం. ఆఖరి ట్రైన్ ఎన్నింటికో యాప్‌లో ముందే చూసుకో, పదకొండు దాటాక ఉప్పల్ అవతలికి క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి 'ఎక్కడికి సార్' అని అడిగి క్యాన్సిల్ కొడతాడు, ఇది నీకూ తెలిసిందే.

ఇంకొకటి. అమ్మాయి తాగదన్నావు. మరి ఆ అమ్మాయికి ఆ బార్‌లో ఏముంది? నువ్వు రెండు బీర్లు కొడుతూ ఆమె ముందు సాఫ్ట్ డ్రింక్ సీసా పెడితే అది డేట్ కాదు, నీకు కాపలా. ఫ్రెష్ లైమ్ సోడా నుంచి మంచి మాక్‌టెయిల్స్ దాకా ఉన్న చోటు చూడు, తిండి మెనూ ఆమె చేతికివ్వు. నువ్వు ఒక్క బీరుతో ఆపితే మిగిలిన డబ్బుకి చికెన్ మెజెస్టిక్ వస్తుంది, ఆమెకి కూడా ఏదో తిన్నట్టుంటుంది.

ప్రశ్న: వనస్థలిపురం దగ్గర ఒక పబ్‌లో బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేశారు. తీసేయమంటే 'మా పాలసీ మేడం' అన్నారు. మా ఆయన గొడవెందుకని కట్టేశారు. కట్టాలా?

జవాబు: కట్టక్కర్లేదు. వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది, సర్వీస్ ఛార్జ్‌ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని. హోటళ్లవాళ్లు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ రూల్స్ సరైనవే అంది. నవ్వుతూ '1915కి ఫోన్ చేయమంటారా' అనండి, అది జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, చాలాచోట్ల ఆ నంబర్ వినగానే కొత్త బిల్లు వస్తుంది. తిండి మీద జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే, మందు జీఎస్టీలోకి రాదు కాబట్టి దాని మీద జీఎస్టీ వేశారేమో కూడా ఓసారి చూడండి. మీ ఆయన గొడవెందుకు అన్నారు, నిజమే, డేట్ రోజు గొడవ ఎవరికీ వద్దు, అందుకే కూర్చోకముందే మెనూ ఆఖరి పేజీలో అడుగున ఉండే చిన్న అక్షరాలు చదవండి.

ప్రశ్న: మేము టెక్సాస్ ఫ్రిస్కోలో ఉంటాం, ఇద్దరం హెచ్1బీ మీద. మా ఇంట్లో రివర్స్, మా ఆయన తాగరు, నేను వైన్ తాగుతా. స్ట్రిప్ మాల్స్‌లో బార్లు బోలెడు, ఏది చూసినా స్పోర్ట్స్ బారే. మా ఇద్దరికీ ఎలాంటిది బాగుంటుంది?

జవాబు: మీ ఆయన తాగకపోవడం మీ ఊళ్లో పెద్ద వరం, దాన్ని చెడగొట్టకండి. టెక్సాస్‌లో రక్తంలో ఆల్కహాల్ లిమిట్ 0.08 శాతం అంటారు గానీ అంతకంటే తక్కువున్నా నడిపే స్థితిలో లేరని పోలీసుకి అనిపిస్తే అరెస్ట్ చేయొచ్చు, మీలాంటి వీసా వాళ్లకి అసలు తలనొప్పి ఏంటంటే కేసు తేలకముందే, కేవలం అరెస్ట్ అయ్యారన్నందుకే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా స్టాంప్ రద్దు చేయొచ్చు, 2015 నుంచి ఇలా చేస్తున్నారు. కాబట్టి స్టీరింగ్ ఆయనకే.

చోటు విషయానికొస్తే సీజన్‌లో ఆదివారం బయటికి వెళ్లకండి, కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ మ్యాచ్ ఉంటే మీ ఊళ్లో ఏ బార్‌లో కూర్చున్నా మీ మాట మీకే వినపడదు, వాళ్ల హెడ్‌క్వార్టర్సే మీ ఫ్రిస్కోలో ఉంది మరి. మంగళ, బుధవారాలు హ్యాపీ అవర్‌లో వెళ్లండి. వైన్ బార్ అని బోర్డున్నది, బయట ప్యాటియో ఉన్నది చూడండి, అక్టోబర్, నవంబర్‌లో అక్కడ సాయంత్రాలు హాయిగా ఉంటాయి. టేబుల్‌కి అటూ ఇటూ ఇంటర్వ్యూలో కూర్చున్నట్టు కాకుండా బార్ కౌంటర్ దగ్గర పక్కపక్కన కూర్చోండి, బార్‌టెండర్‌తో మీ ఆయనకి చక్కెర తక్కువగా ఏదైనా జీరో ప్రూఫ్, అంటే మందు లేని డ్రింక్ కలపమని చెప్తే సంతోషంగా కలుపుతారు. టిప్పు 18 నుంచి 20 శాతం, ఇక్కడ సర్వీస్ ఛార్జ్ మీద పోట్లాడినట్టు అక్కడ పోట్లాడితే కుదరదు.

ప్రశ్న: మా పెళ్లిరోజు అక్టోబర్ 2. ప్రతి ఏడాదీ బార్లు బంద్. ఏం చేయమంటారు?

జవాబు: ముహూర్తం పెట్టిన పంతులుగారిని అడగాల్సిన ప్రశ్న ఇది. జనవరి 26, ఆగస్టు 15 కూడా అంతే, హైదరాబాద్‌లో అయితే గణేశ్ నిమజ్జనం రోజు, బోనాలప్పుడు ఆయా ఏరియాల్లో పోలీసులు మూయిస్తారు, ఎన్నికలొస్తే పోలింగ్ ముగిసేదాకా 48 గంటలు. 2025లో మీకు ఇంకా కష్టమొచ్చి ఉంటుంది, దసరా కూడా ఆ రోజే పడింది. ఒకటో తారీఖు సాయంత్రం టేబుల్ బుక్ చేసుకోండి, మర్నాడు డ్రై డే కాబట్టి ఆ రాత్రి రష్ ఉంటుంది, ముందే ఫోన్ చేసి పేరు రాయించండి. రెండో తారీఖున బిర్యానీ.