నాన్న ముందు ఆ కవరు పెట్టండి

మహారాష్ట్రలోని సిరోంచ నుంచి ఒక అమ్మాయి రాసింది. ఎల్ఎల్‌బీ చివరి ఏడాది. తమ్ముడికి సికిల్ సెల్, పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి. నొప్పులు మొదలైతే గోదావరి వంతెన దాటి తెలంగాణ ఆసుపత్రులకు పరుగు. ఈమెకేమో పబ్లిక్ హెల్త్‌లో ఎంపీహెచ్ అనే పీజీ చేసి, పరిశోధన వైపు వెళ్లాలని ఉంది. "రెండు పడవల మీద కాళ్లేంటి? డాక్టరువీ కావు, లాయరువీ కావు. కోర్టుకు వెళ్లు, లేదా సంబంధాలు చూస్తా" అన్నారట నాన్న. మూడు వారాలుగా ఇంట్లో మాటల్లేవు.

అమ్మా, మీ నాన్నగారి టెన్షనంతా డబ్బు గురించే అనిపిస్తోంది. సంబంధాల మాట కోపంలో వచ్చిందేమో, మీ అమ్మగారిని అడిగితే తెలుస్తుంది.

తమ్ముడి రిపోర్టులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని దివ్యాంగుల సర్టిఫికెట్ కోసం రెండుసార్లు తిరిగామని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మీ ఉత్తరంలో అదే ముఖ్యంగా కనిపించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ కూడా ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉందని ధ్రువీకరిస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్ల కోటా వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల 4 శాతం కోటాలో మాత్రం రక్తవ్యాధులకు చోటు లేదు. ఎందుకు లేదని వాదించాలంటే సెక్షన్లు తెలిస్తే చాలదు. ఈ జబ్బున్నవాళ్లు ఏడాదికి ఎన్ని రోజులు మంచాన పడుతున్నారో, ఎన్ని పనిదినాలు పోతున్నాయో లెక్క తీసి చూపాలి. ఆ లెక్క తీయడం ఎంపీహెచ్‌లో నేర్పుతారు. 2023లో మొదలైన సికిల్ సెల్ మిషన్ ఊరూరా పరీక్షలు చేయిస్తోంది, సరే. జబ్బు బయటపడ్డ పిల్లాడికి ఆ తర్వాత కాగితం ఇప్పించేదెవరు? మీ పరిశోధనకు ఇంతకంటే మంచి ప్రశ్న నాకైతే తట్టలేదు.

ముందు బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వండి, బార్ ఎగ్జామ్ రాయండి. జనరల్ వాళ్లకు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు దాటకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి అదేమీ భారం కాదు. చేతిలో సనదు, అంటే లాయరుగా నమోదైన పత్రం, ఉంటే నాన్నగారూ కొంత మెత్తబడతారు. రేపు ఎక్కడైనా పూర్తికాలం జీతానికి చేరితే మాత్రం ఆ సనదును తాత్కాలికంగా పక్కన పెట్టించుకోవాలి, ప్రాక్టీసుకు వచ్చినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. ఎంపీహెచ్ రెండేళ్లు. ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉంది, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది. లా డిగ్రీతో ఎక్కడెక్కడ తీసుకుంటారో దరఖాస్తుకు ముందే కనుక్కోండి.

ఈ ఆదివారం నాన్నగారు టీ తాగుతున్నప్పుడు ఆ కవరు ఆయన ముందు పెట్టండి. సర్టిఫికెట్ దరఖాస్తు ఇద్దరూ కూర్చుని నింపండి. ఎంపీహెచ్ ఊసు ఆ రోజుకు ఎత్తకండి.