గే అంటే కొందరికి అంత ఏవగింపు ఎందుకు?

ప్రశ్న ఇది: "బాగా చదువుకున్నవాళ్లు, అందరితో కలుపుగోలుగా ఉండేవాళ్లు కూడా గే అన్న మాట వినగానే మొహం చిట్లిస్తారు. వాళ్ల సొమ్మేం పోయింది?"

సొమ్మేమీ పోలేదు. కానీ ఏదో పోతుందన్న భయం ఉంది. ఆ ఏదో ఏమిటన్నది మనిషిని బట్టి మారుతుంది. అన్నిటినీ మతం అనే ఒక్క గాటన కట్టేస్తే జవాబు తప్పుతుంది. మన తెలుగు ఇళ్ల వరకు నేను పెట్టే వరస ఇది: ముందు పెళ్లి, తర్వాత మగతనం, ఆ వెనక ఎక్కడో మతం.

మన దగ్గర పెళ్లి ఇద్దరి వ్యవహారం కాదు, రెండిళ్ల లావాదేవీ. ముప్పై దాటిన కొడుకు పెళ్లి వద్దంటే ముందుగా దెబ్బ తగిలేది చెల్లెలి సంబంధానికి. "పెద్దబ్బాయికి ఇంకా ఎందుకు కాలేదండీ?" అని మధ్యవర్తి మామూలుగా అడిగిన మాట, అవతలి ఇల్లు చేరేసరికి "ఏదో లోపం ఉందట" అవుతుంది. దానికి తోడు వంశం, తలకొరివి, పొలం. అలాంటి తండ్రికి జన్యువుల గురించి, జంతువుల్లో స్వలింగ జతల గురించి ఎంత చెప్పినా చెవికెక్కదు. ఆయన్ని తినేస్తున్న ప్రశ్న వేరు: "రేపు మా వదినకి ఏం చెప్పను?" దానికి జవాబు దొరికిన ఇళ్లలో కోపం చాలావరకు దిగుతుంది.

మగతనం గొడవ బళ్లోనే మొదలు. ఆరో తరగతి కుర్రాడు కాస్త మెత్తగా మాట్లాడితే "ఆడంగి", ఏడిస్తే "ఆడపిల్లవా ఏంట్రా", ఇంకొంచెం పెద్దయ్యాక "తేడా". మగతనం రోజూ రుజువు చేసుకోవాల్సిన పరీక్ష అయినప్పుడు, ఆ పరీక్ష రాయనివాణ్ని ఎగతాళి చేయడమే అన్నిటికన్నా తేలికైన రుజువు. చాలా దేశాల సర్వేల్లో ఈ వ్యతిరేకత ఆడవాళ్లలో కన్నా మగవాళ్లలో ఎక్కువగా, అదీ గే పురుషుల మీదే ఎక్కువగా కనబడటానికి ఇది పెద్ద కారణం. లెస్బియన్ల విషయంలో ద్వేషం కన్నా లెక్కచేయకపోవడం ఎక్కువ. "స్నేహితురాళ్లేలే" అని వదిలేస్తారు, సంబంధం కాదన్న రోజున మాత్రం గదికి గొళ్లెం పడుతుంది.

మన సినిమాల కామెడీ ట్రాకు గుర్తు చేసుకోండి. మణికట్టు వంచి, నడుము తిప్పుతూ ఒకడు హీరో వెంట పడతాడు, హీరో పరుగు, హాలంతా నవ్వు. ఆ రెండు నిమిషాల్లో ప్రేక్షకుడికి ఎక్కేవి రెండు. ఒకటి, గేలందరూ ఇలాగే ఉంటారని. ఎవరిని ఇష్టపడతారన్నది వేరు, తనని తాను ఆడా మగా ఏమనుకుంటారన్నది వేరు. మన ఊళ్లలో గే, హిజ్రా, సున్నితంగా ఉండే మగవాడు ముగ్గురూ ఒకే ముద్ద. రెండోది, కనబడ్డ ప్రతి మగాడి మీదా పడతారని. ఈ భయం నటన కాదు, కాకపోతే దాని మూలం వేరే చోట ఉంది: బస్సుల్లో ఆడవాళ్లు రోజూ పడే అవస్థ తమకూ వస్తుందేమోనని.

మాట కూడా చూడండి. పత్రికలు దశాబ్దాలుగా రాస్తున్నది "స్వలింగ సంపర్కులు". పెళ్లయిన మగాణ్ని ఎవరైనా "పరలింగ సంపర్కుడు" అంటారా? ఒక మనిషిని పడకగది పనితో పిలిస్తే వినేవాడికి గుర్తొచ్చేది ఆ పనే, ఏవగింపు అక్కడ పుడుతుంది. 1990ల్లో చాలామంది ఈ సంగతి విన్నదే ఎయిడ్స్ ప్రచారంలో, అంటే రోగం పక్కన. అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ఆకర్షణను 1973లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. ఆ కబురు మన ఊరి డాక్టర్లలో అందరికీ ఇంకా చేరలేదు.

"ఇది పాశ్చాత్య సంస్కృతి" అనేవాళ్లకు చిన్న లెక్క. మనుస్మృతి పదకొండో అధ్యాయంలో మగవాడు మగవాడితో కలిస్తే ఒకచోట కట్టుబట్టలతో స్నానం ప్రాయశ్చిత్తం, మరోచోట అదే జాతిభ్రంశం చేసే, అంటే కులం పోగొట్టే పాపం. అంటే మన గ్రంథాలు మెచ్చుకున్నాయని చెప్పను. కానీ యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్, బ్రిటిష్‌వాళ్లు రాసింది. నిజాం సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చిన చట్టం ప్రకారం ఆడవేషంలో వీధిలో కనబడ్డ 'నపుంసకుణ్ని' వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. ఇద్దరు వయోజనుల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 6న. నూటయాభై ఏళ్లకు పైగా నేరమన్నది కొద్ది ఏళ్లలో మనసులోంచి పోదు.

చర్చికి వెళ్లే కుటుంబాల్లో, మగవాడు మగవాడితో కలవకూడదన్న బైబిల్లోని లేవీయకాండం వాక్యం నిజంగానే బరువైనది. అక్కడ శ్లోకానికి శ్లోకం వాదన గెలవదు. హిందూ ఇళ్లలో బృహన్నలను, మోహినిని తెచ్చినా అంతే. "అది శాపం, ఇది లీల" అని రెండు ముక్కల్లో తోసేస్తారు.

ఇంకో మాట నెట్‌లో బాగా తిరుగుతుంది: ద్వేషించేవాళ్లంతా లోలోపల గేలేనట. దీనికి మూలం 1996లో అమెరికాలోని జార్జియాలో 64 మంది మీద జరిగిన ఒక చిన్న ప్రయోగం. కొందరి విషయంలో నిజం కావచ్చు. అందరికీ అంటగడితే, గేల మీద జరిగే దౌర్జన్యానికి కూడా గేలనే బాధ్యుల్ని చేసినట్టవుతుంది.

ఇక పనిచేసేది. తెలిసినవాళ్లలో గే ఒకరు ఉండటమే అన్నిటికన్నా బలమైన మందు. ఊరికే ఎదురుపడితే చాలదు. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పిన షరతులున్నాయి: ఇద్దరికీ సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి చేసే పని, పైవాళ్ల మద్దతు. ఒకే ప్రాజెక్టు మీద ఏడాది కలిసి పనిచేసిన సహోద్యోగి మార్చగలడు, గేల ప్రైడ్ ఊరేగింపు ఫొటో మార్చలేదు. అయితే ఇందుకోసం ఇంకొకరి సంగతి వాళ్లని అడక్కుండా బయటపెట్టకండి. ఇల్లు, ఉద్యోగం పోయేది వాళ్లకి.

మాట్లాడేటప్పుడు పండక్కి పదిమంది చేరిన చోట ఎత్తుకుంటే చెడుతుంది, అక్కడ మాట వెనక్కి తీసుకోవడం పరువు సమస్య. ఒక్కరితో, విడిగా. 2016లో సైన్స్ పత్రికలో బ్రూక్‌మన్, కల్లా అనే పరిశోధకులు అచ్చువేసిన ప్రయోగంలో అమెరికాలోని మయామిలో ఇంటింటికీ వెళ్లి ట్రాన్స్‌జెండర్ల గురించి పది నిమిషాలు మాట్లాడారు. వ్యతిరేకత తగ్గింది, ఆ తగ్గుదల మూడు నెలల తర్వాతా నిలిచింది. కిటుకు ఏమిటంటే వాళ్లు ఉపన్యాసం ఇవ్వలేదు. తామున్న తీరుకి ఎవరైనా చులకన చేసిన రోజు గుర్తు చేసుకోమన్నారు. మన బాబాయిలకి అది అడగ్గానే దొరుకుతుంది: కులం, రంగు, సిటీకొచ్చిన కొత్తలో యాస.

"పెళ్లి చేస్తే సర్దుకుంటాడు" దగ్గర మాత్రం మెత్తబడొద్దు. అందులో సంగతి తెలియని ఒక అమ్మాయి జీవితం కూడా ఉంది. మారుస్తానని డబ్బు గుంజే డాక్టరు ఎదురైతే, అలా 'మార్చే' వైద్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పిన సంగతి ఆయన ముందే చెప్పండి. ఇంట్లో ఒత్తిడికి మనసు కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.