ఉత్తరం తెలిసింది, మరి నేనెక్కడ?

ప్రశ్న: మాది దేవరకొండ ప్రాంతం. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. డిసెంబరులో పద్దెనిమిది మంది పిల్లలను గుట్టల వైపు నడకకు తీసుకువెళ్లాను. సంచిలో టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం) జిరాక్సు కాపీ, దిక్సూచి రెండూ ఉన్నాయి. మధ్యాహ్నం ఎక్కడో మలుపు తప్పాం. ముల్లు ఉత్తరాన్ని చక్కగానే చూపించింది. పటంలో మేమున్న చోటు ఏదో మాత్రం రెండు గంటలు వెతికినా తెలియలేదు. చివరికి ఒక మేకల కాపరి దారి చూపించాడు. పిల్లల ముందు చాలా సిగ్గుపడ్డాను. దిక్సూచి ఉండి కూడా ఇలా ఎందుకు జరిగింది?

జవాబు: అమ్మా, ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. దిక్సూచికి తెలిసిన సంగతి ఒక్కటే, ఉత్తరం ఎటు ఉందో. మీరెక్కడ నిలబడ్డారో దానికి తెలియదు. ఆ మాట చెప్పవలసినవి మీ చుట్టూ ఉన్న గుట్టలు, చెరువులు, వాగులు. ఆ కాపరి దగ్గర పటం లేదు, దిక్సూచి లేదు. కానీ ప్రతి గుట్టనూ గుర్తుపట్టగలడు.

నేను ముప్పై ఏళ్లకు పైగా సర్వేయరుగా పనిచేశాను. 1991 వేసవిలో చందంపేట వైపు ఒక కుంట కొలతకు వెళ్లి నేనూ ఇలాగే తప్పిపోయాను. జీపు బానెట్ మీద పటం పరిచి, దానిమీదే దిక్సూచి పెట్టి, కోణం చూసుకొని బయలుదేరాను. బానెట్ ఇనుము ముల్లును పన్నెండు డిగ్రీలు పక్కకు లాగింది. మూడు కిలోమీటర్లు నడిచేసరికి అనుకున్న చోటికి ఆరువందల మీటర్లు పక్కగా, వేరే లోయలో దిగాను. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. అప్పుడు తండా పెద్దాయన ఒకరు ఎదురై, "ఏ గుట్టను ఎడమ పక్కన పెట్టుకొని వచ్చావు బిడ్డా? కుంట దాటావా, ఇంకా దాటలేదా?" అని అడిగారు. ఆ రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. దారి పొడవునా ముల్లునే చూశాను, గుట్టలను చూడలేదు. ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పటం విప్పే ముందు ఆ రెండు ప్రశ్నలూ నాకు నేనే వేసుకున్నాను.

ఇక పద్ధతికి వద్దాం. తప్పిపోయామని అనుమానం రాగానే ఆగిపోవాలి. పిల్లలను నీడలో కూర్చోబెట్టి, వీలైతే కాస్త ఎత్తైన బండ మీదికి ఎక్కండి. పటాన్ని నేల మీద పరిచి, దాని పైఅంచు ముల్లు చూపే ఉత్తరానికి తిరిగేదాకా పటాన్నే తిప్పండి. ఇప్పుడు పటంలో కుడివైపు ఉన్నది నేల మీద కూడా కుడివైపే ఉంటుంది. చాలామంది ఈ పని చేయరు. అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయని పటాన్ని తమవైపు తిప్పుకొని చదువుతారు. సగం తికమక అక్కడే పుడుతుంది.

తరవాత పటంలోనూ కంటికీ రెండు చోట్లా గుర్తుపట్టగలిగిన రెండు శిఖరాలు ఎంచుకోండి. టోపోషీటులో కొన్ని శిఖరాల మీద చిన్న త్రిభుజం, పక్కన ఒక అంకె ఉంటాయి. సర్వే వాళ్లు స్వయంగా పరికరం నిలిపి కొలిచిన స్థానాలు అవి, ఆ అంకె మీటర్లలో ఎత్తు. దొరికితే వాటినే వాడండి. కోణాన్ని ఎప్పుడూ ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కించాలి. మొదటి గుట్ట మీకు 40 డిగ్రీల్లో కనిపించిందనుకుందాం. మీ నుంచి గుట్టకు 40 అయితే, గుట్ట నుంచి మీకు 40కి 180 కలిపి 220. పటంలో ఆ గుట్ట మీద కోణమానిని పెట్టి 220 డిగ్రీల్లో గీత గీయండి. ఆ గీత మీద ఎక్కడో మీరున్నారు. రెండో గుట్ట 130లో ఉంటే, దాని నుంచి 310లో మరో గీత. రెండు గీతలు కోసుకున్న చోటు మీ స్థానం. కోణం 180 దాటితే కలపడానికి బదులు 180 తీసివేయాలి.

ఇక్కడితో ఆగితే తప్పు బయటపడదు. రెండు గీతలు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కోసుకుంటాయి, గుట్టను తప్పుగా గుర్తుపట్టినా సరే. అందుకే మూడో గుట్ట కావాలి. మూడు గీతలూ ఒకే చుక్కలో కలవడం అరుదు, మధ్యలో ఒక చిన్న త్రిభుజం మిగులుతుంది. 1:50,000 పటంలో దాని భుజం రెండు మిల్లీమీటర్లుంటే నేల మీద వంద మీటర్లు, మీరు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. అది సెంటీమీటరుకు మించిందంటే అరకిలోమీటరు తేడా. చేయి వణికినందువల్ల అంత రాదు. మూడింటిలో ఒక గుట్ట మీరనుకున్నది కాదు. నేనైతే అప్పుడు మూడు గుట్టలనూ మళ్లీ మొదటినుంచి గుర్తుపడతాను. ఏదో ఒక గీతను సర్ది త్రిభుజాన్ని చిన్నది చేయాలన్న ఆశ పుడుతుంది, దానికి లొంగకూడదు.

గుట్టల ఎంపిక కూడా ముఖ్యమే. నల్లగొండ పట్టణంలో కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట ఎంత స్పష్టంగా కనిపించినా, పది కిలోమీటర్ల దూరం నుంచి ఆ రెండూ దాదాపు ఒకే దిక్కున ఉంటాయి. ఇరుకు కోణంలో గీసిన గీతలు ఎక్కడ కోసుకున్నాయో తేల్చలేం, ఒక్క డిగ్రీ తేడా వచ్చినా చుక్క చాలా దూరం జరిగిపోతుంది. వాటిలో ఒకటి తీసుకొని, రెండోది దానికి అరవై నుంచి నూట ఇరవై డిగ్రీల ఎడంలో వెతకండి. సెల్ టవరు, కొత్త నీళ్ల ట్యాంకు లాంటివి పాత పటంలో ఉండవు, వాటి జోలికి పోవద్దు.

మీరు ఒక గీత మీద ఉన్నామని ముందే తెలిస్తే పని ఇంకా సులువు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ గట్టు మీద నడుస్తున్నారనుకోండి, ఆ గట్టే ఒక గీత. ఒక్క గుట్ట కోణం తీసుకుంటే చాలు, అది గట్టును కోసిన చోట మీరున్నారు. రోడ్డుకూ ఇదే లెక్క.

ఇనుము సంగతి నా అనుభవంలో చూశారు. మోటారు సైకిల్, కరెంటు స్తంభం, పై జేబులోని ఫోను, అన్నీ ముల్లును లాగుతాయి. మన గ్రానైటు గుట్టలవల్ల పెద్ద ఇబ్బంది లేదు కానీ, వాటి మధ్య నల్లరాతి గోడల్లా సాగే డోలరైటు డైకులు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలా ఉన్నాయి. వాటిలో మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం ఉంటుంది. నల్లరాతి మీద నిలబడి కోణం తీసుకుంటే, ఇరవై అడుగులు పక్కకు జరిగి మళ్లీ తీసుకోండి. రెండు అంకెలూ కలవకపోతే ఆ చోటు వదిలేయండి. అసలు ఉత్తరానికీ ముల్లు చూపే ఉత్తరానికీ మన దగ్గర తేడా దాదాపు ఒక డిగ్రీయే. కిలోమీటరుకు పదిహేడు మీటర్లు, నడకకు లెక్కలోకి రాదు. ఆ తేడా ఏటా కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రంలో ఇలాంటి మార్పులను కొలిచే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పరిశీలనశాల మన చౌటుప్పల్‌లోనే ఉందని పిల్లలకు చెప్పండి.

మీ జిరాక్సు గురించి కూడా ఒక మాట. నలుపు తెలుపు కాపీలో గోధుమరంగు ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు), నీలిరంగు వాగులు ఒకే రంగులోకి మారిపోతాయి. వాగును గుట్ట అంచనుకునే ప్రమాదం ఉంది. పైగా యంత్రం పటాన్ని కాస్త కుదిస్తుంది లేదా పెంచుతుంది, స్కేలుతో కొలిచిన దూరం నమ్మలేం. సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ పటాలను ఇంటర్నెట్ నుంచి దింపుకొని రంగుల్లో అచ్చు వేయించండి. పాత వరుసలో దేవరకొండ పట్టణం 56 ఎల్/14 షీటులోనూ, నల్లగొండ పట్టణం 56 ఓ/8లోనూ వస్తాయి. కొత్త వరుసలో నంబర్లు వేరు. ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు కొత్త పటాలకు సరిపోతాయి, పాతవాటి మీద గుర్తిస్తే వంద మీటర్లకు మించి తేడా వస్తుంది.

ప్రశ్న: మాది అచ్చంపేట. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లాను. పుస్తకాల్లో దూరపు శిఖరాలు చూడమంటారు. లోయలో రెండువైపులా రాతి గోడలే, పైన చెట్లే. శిఖరం ఎక్కడ కనిపిస్తుంది? ఫోనులో సిగ్నల్ కూడా లేదు.

జవాబు: నిజమే, గుట్టల కోణాల పద్ధతి అక్కడ పనికిరాదు. నల్లమలలో తప్పిపోయాక వెతుక్కోవడం కాకుండా, బయలుదేరిన క్షణం నుంచి ఎక్కడున్నామో లెక్క పెట్టుకుంటూ నడవాలి. అది అమ్రాబాద్ పులుల రక్షిత అడవి. జాతర రోజుల్లో అనుమతించిన బాటను వదలవద్దని ముందే చెబుతున్నాను.

అడుగుల లెక్క నేర్చుకోండి. ఊళ్లో వంద మీటర్లు కొలిచి పెట్టుకొని, కుడికాలు పడినప్పుడల్లా ఒకటి లెక్కిస్తూ నడవండి. మామూలు మనిషికి అరవై, అరవై అయిదు మధ్య వస్తుంది. ఎక్కుడులో ఇంకా ఎక్కువ. నేను ఎడమ జేబులో చింతగింజలు వేసుకొని, వంద మీటర్లకు ఒకటి చొప్పున కుడి జేబులోకి మార్చేవాడిని. మాటల్లో పడి లెక్క మరిచిపోయినా గింజలు దూరం చెబుతాయి. దిక్కు దిక్సూచి చెబుతుంది, దూరం గింజలు చెబుతాయి. బాట మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగి, పటంలో పెన్సిలుతో ఒక చుక్క పెట్టి పక్కన టైము రాయండి. తప్పిపోతే వెనక్కి పోవలసింది ఆఖరి చుక్క దాకా మాత్రమే.

లోయలో చూడవలసింది నేల వాలు. ఎత్తు గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే వాలు తక్కువ. 1:50,000 పటంలో గీతకూ గీతకూ మధ్య ఇరవై మీటర్ల ఎత్తు. వాగు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు తిరిగిందో ముల్లుతో చూసి, పటంలో అలాంటి వంపు ఎక్కడుందో వెతకండి. పక్కవాగు వచ్చి కలిసే చోటు దొరికితే మరీ మంచిది, అలాంటి చోట్లు ఎన్నో ఉండవు.

అంతా చేయిదాటితే శ్రీశైలం రహదారి ఉంది. మన్ననూరు, ఫరహాబాద్, వటవర్లపల్లి మీదుగా దోమలపెంట వైపు అది స్థూలంగా ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. మీరు రహదారికి తూర్పున ఉన్నారా, పడమరన ఉన్నారా అన్నది బయలుదేరేటప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి. తూర్పున ఉంటే పడమరకు నడిస్తే ఎక్కడో ఒకచోట రోడ్డు తగులుతుంది. కానీ చీకటి పడుతుంటే నడవవద్దు, ఉన్నచోటే ఆగాలి.

ఫోను విషయంలో ఒక పొరపాటు చాలామందికి ఉంది. సిగ్నల్ లేకపోయినా ఫోను ఉపగ్రహాల నుంచి స్థానం తెలుసుకోగలదు. రానిది వెనుక కనిపించే పటం మాత్రమే. దాన్ని ఇంట్లోనే దింపుకొని వెళ్లండి. లోతైన లోయలో ఆకాశం తక్కువగా కనిపిస్తుంది కాబట్టి అది చూపే చోటు కూడా పక్కకు జరగవచ్చు.

ప్రశ్న: మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరాన్ని చూపిస్తుందని చదివాను. మే చివరలో మహబూబ్‌నగర్‌లో మా డాబా మీద చూస్తే నీడ దక్షిణంగా పడింది. నేను పొరబడ్డానా?

జవాబు: మీరు సరిగ్గానే చూశారు. ఆ మాట కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో ఏడాది పొడవునా నిజం. మహబూబ్‌నగర్ అక్షాంశం 17 డిగ్రీలకు కాస్త తక్కువ. మే మొదటి వారం చివర సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ తరవాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం మనకు ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఆ మూడు నెలల్లో గడియారపు ముల్లును సూర్యుడి వైపు పెట్టి దక్షిణం కనుక్కొనే చిట్కా కూడా మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇంకొకటి, మీ ఊళ్లో సూర్యుడి మధ్యాహ్నం గడియారంలో పన్నెండుకు రాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మీరు 78 దగ్గర ఉన్నారు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సగటున పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం.

ఏ నెలలోనైనా పనికొచ్చేది శంకువు పద్ధతి. మన జ్యోతిష గ్రంథాల్లో ఉన్నదే. నిటారుగా కర్ర పాతి, దాని చుట్టూ తాడుతో వృత్తం గీయండి. ఉదయం నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తరవాత మళ్లీ తాకిన చోట మరో గుర్తు. ఉదయపు గుర్తు పడమర, రెండోది తూర్పు. రెంటినీ కలిపిన గీతకు అడ్డంగా గీసింది ఉత్తర దక్షిణం. జూన్ 21న మీ డాబా మీద మీటరు కర్రతో ఇది చేయండి. మధ్యాహ్నం నీడ దక్షిణానికి పన్నెండు సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. ఎంత వచ్చిందో రాసి పంపండి, వచ్చే నెల మీ కొలతతోనే మహబూబ్‌నగర్ అక్షాంశం లెక్కకట్టి చూపిస్తాను.