రూట్లు వాటంతటవే వస్తుంటే మావాడికి పనేముంటుంది?

ప్రశ్న: మాది గుంటూరు. కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేస్తున్నాను. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. వెబ్‌సైట్లు కట్టే జాంగో అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాడు. మొన్న డేటాబేస్ టేబుల్ ఎలా ఉండాలో నాలుగు లైన్లు రాసి, వెబ్ ఏపీఐ రూట్లన్నీ (యాప్ డేటాను అడిగే అడ్రసులట) నిమిషంలో తెప్పించాడు. 'చూడు నాన్నా, అయిపోయింది' అన్నాడు. నాకేమో టెన్షన్ పట్టుకుంది. అన్నీ అదే చేసుకుపోతే వీడికి ఉద్యోగం ఎవరిస్తారు? వేరే కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: వద్దండీ. మీవాడు చూపించింది నిన్న మొన్న పుట్టినది కాదు. 2004లో జాంగో లాంటిదే అయిన రూబీ ఆన్ రైల్స్ వచ్చిన కొత్తలోనే స్కాఫోల్డ్ పేరుతో ఇలాంటి పని చేసి చూపించారు. ఇరవై ఏళ్లు దాటినా బ్యాకెండ్ (సర్వర్ వైపు పని) ఉద్యోగాలు ఉన్నాయి.

జాంగోతో ఏపీఐలు కట్టడానికి వాడే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో మోడల్ వ్యూసెట్ అని ఒకటుంది. దాన్ని అడ్రసులు పుట్టించే రౌటర్‌కి తగిలిస్తే ఆరు పనులు ఒకేసారి వస్తాయి: జాబితా, ఒక్కదాని వివరం, కొత్తది చేర్చడం, మొత్తం మార్చడం, కొంత మార్చడం, తీసేయడం. ప్రతి టేబుల్‌కీ ఇవే చేత్తో రాయడం శుద్ధ విసుగు. అది మిషన్‌కి వదిలేయడమే మేలు.

అసలు సంగతి మీకే బాగా తెలుసు. రైతు రాకుండా ఇంకెవరో బాండు (సరుకు దాచిన రసీదు) పట్టుకొచ్చి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఇమ్మంటే ఇచ్చేస్తారా? సంతకం చూస్తారు, ఫోన్ చేస్తారు, ఆ సరుకు మీద బ్యాంకు అప్పుందేమో చూస్తారు. ఇవేవీ టేబుల్‌లో ఉండవు కాబట్టి టేబుల్ నుంచి పుట్టిన రూట్లకీ తెలియవు.

మీవాడు బాండుల టేబుల్ పెట్టి, వచ్చిన రూట్లను వచ్చినట్టే వదిలేశాడనుకోండి. తన 41వ నంబరు బాండు చూసుకుంటున్న రైతు అడ్రసులో 42 అని కొడితే పక్కవాడి సరుకంతా కనిపిస్తుంది. డిలీట్ కూడా తెరిచే ఉంది, అప్పున్న బాండు మాయమైపోవచ్చు. మనం ఏమీ చెప్పకపోతే ఆ ఫ్రేమ్‌వర్క్ ఎవరినైనా లోపలికి రానిస్తుంది. జాబితాను పేజీలుగా కూడా విడగొట్టదు, ఎన్ని వేల బాండులున్నా ఒకేసారి కుమ్మరిస్తుంది.

ఈ 41, 42 తప్పు చిన్నదేం కాదు. ఏపీఐ భద్రతా లోపాల మీద ఓవాస్ప్ సంస్థ 2019లోనూ 2023లోనూ ఇచ్చిన జాబితాల్లో మొదటిది ఇదే. దీనికో తోబుట్టువు కూడా ఉంది: ఫారంలో లేని ఫీల్డును అదనంగా పంపినా సర్వర్ కళ్లు మూసుకుని తీసుకోవడం. 2012 మార్చిలో, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఒకతను అలాగే రైల్స్ ప్రాజెక్టులోకి తన కీ (లోపలికి వెళ్లే డిజిటల్ తాళంచెవి) చేర్చుకున్నాడు. మీ దగ్గరైతే రైతే తన బాండులో బరువు మార్చుకోవడం లాంటిది.

విజయవాడలో పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. రూట్ల జాబితా గర్వంగా చూపిస్తారు. 'ఈ డిలీట్ ఎవరు కొట్టొచ్చు?' అని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. దానికి జవాబు చెప్పగలిగినవాడు నా లెక్కలో ఉద్యోగానికి సగం దారి వచ్చినట్టే.

కాబట్టి కోర్సు ఫీజు అలా ఉంచండి. ఒక ఆదివారం మీరిద్దరూ కూర్చోండి. మీరు కస్టమరు, వాడు డెవలపరు. ఎవరు ఏ బాండు చూడొచ్చో, ఏది మార్చొచ్చో మీరు చెప్పండి, వాడు రాసుకోవాలి. డిలీట్ తీసేసి 'రద్దు' అనే స్థితి పెట్టమనండి. డేటాబేస్‌కి ఎన్ని క్వెరీలు (డేటా కోసం అడిగే ప్రశ్నలు) వెళ్తున్నాయో కూడా లెక్కపెట్టమనండి. వంద బాండులకు రైతు పేర్లు తేవడానికి నూట ఒకటి వెళ్తుంటే ఎస్‌క్యూఎల్ జాయిన్లు (రెండు టేబుళ్లను కలిపి ఒకేసారి అడగడం) వాడికి ఇంకా రాలేదన్నమాట, ముందు అవి నేర్చుకోవాలి.

చివరికి ఇద్దరు రైతుల పేర్లతో రెండు లాగిన్లు చేయించండి. రెండో లాగిన్‌తో మీరే మొదటి రైతుదైన 41 కొట్టి చూడండి. 404 (అలాంటిది లేదు అనే జవాబు) వస్తే అప్పుడు అనమనండి, 'అయిపోయింది నాన్నా' అని.