నాన్నగారి ఐటీ రిటర్న్ నేనే వేయొచ్చా? రాజాం అమ్మాయికి జవాబు

రాజాం నుంచి బీకాం ఫైనల్ ఇయర్ అమ్మాయి రాసింది. వాళ్ల నాన్న గవర్నమెంట్ టీచర్, ఆయన ఇన్‌కంట్యాక్స్ రిటర్న్ (ఏడాది ఆదాయం, పన్నుల లెక్క) ప్రతి ఏడూ బయట ఒకాయన చేస్తాడంట, పోయినేడు పెద్ద రిఫండ్ (కట్టిన పన్ను వాపసు) తెప్పించి అందులో కమీషన్ కూడా తీసుకున్నాడంట. ఈసారి తనే చేద్దామనుకుంటోంది, "కానీ తప్పు పడితే నాన్న ఉద్యోగానికి ఏటవుద్దో అని భయంగా ఉంది సార్, అసలు సీఏ చదవకుండా ఈ పని మీద బతకొచ్చా" అని అడిగింది.

అమ్మా, ధైర్యంగా చెయ్యి. ఇంట్లో రిటర్న్‌ని మించిన ట్రైనింగ్ నీకు ఏ కోచింగ్ సెంటర్లోనూ దొరకదు. నిజాయితీగా వేసిన లెక్కలో పొరపాటు దొర్లితే ఉద్యోగాలేం పోవు, రివైజ్డ్ రిటర్న్ వేసుకుని సరిచేసుకోవచ్చు, డిసెంబర్ 31 లోపల అయితే దానికి లేట్ ఫీజు కూడా ఉండదు.

సెక్షన్లు బట్టీ పట్టకు, ముందు కాగితాలు ముందేసుకుని కూర్చో. నాన్నగారి ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసు ఇచ్చే కాగితం), ఇన్‌కంట్యాక్స్ పోర్టల్‌లో 26ఏఎస్ (ఆయన పేరు మీద జమైన పన్ను లెక్క), ఏఐఎస్ (బ్యాంకులు, ఆఫీసులు పంపిన ఆదాయ వివరాలు), అన్ని బ్యాంకు పాస్‌బుక్‌లు. ఈ నాలుగూ టాలీ అయ్యేవరకు ఐటీఆర్ (రిటర్న్) ఫారం తెరవొద్దు. జీతం ఎలాగూ కలుస్తుంది, తేడా వచ్చేది మాత్రం వడ్డీల దగ్గరే. ఎఫ్‌డీ మీద టీడీఎస్ (ముందే కోసే పన్ను) కట్ అవ్వలేదు కదా అని చాలామంది టీచర్లు ఆ వడ్డీ చూపించరు, కానీ టీడీఎస్ పడకపోయినా ఆ వడ్డీ ఆదాయమే, పైగా బ్యాంకు పంపిన లెక్క ఏఐఎస్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ఒకవేళ ఏఐఎస్‌లోనే తప్పు పడితే అక్కడే ఫీడ్‌బ్యాక్ పెట్టే ఆప్షన్ ఉంది. ఇంకోటి, తొందరపడి మే నెలలో వేసేయకు, ఫారం 16 ఇవ్వడానికి జూన్ 15 దాకా టైముంది, 26ఏఎస్ కూడా అప్పటికి గానీ పూర్తిగా నిండదు, నీ గడువేమో జూలై 31.

మన వైపు టీచర్ల ఇళ్లలో రెండు విషయాలు ప్రత్యేకంగా చూడాలి. ఒకటి భూమి. ఊళ్లో కౌలుకిచ్చిన పొలం మీద ఏడాదికి 5,000 దాటి వస్తే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. ఆ ఆదాయం మీద నేరుగా పన్ను లేదు గానీ జీతం మీద పన్ను లెక్కలో దాన్ని కలిపి చూస్తారు, కాబట్టి చూపించాల్సిందే. రెండోది అరియర్స్. పాత ఏళ్ల డీఏ, పీఆర్సీ (వేతన సవరణ) బకాయి ఒకేసారి పడి పన్ను పెరిగితే సెక్షన్ 89 కింద రిలీఫ్ ఉంది, కానీ రిటర్న్ కంటే ముందు ఆన్‌లైన్‌లో ఫారం 10ఈ సబ్మిట్ చేయాలి. అది మర్చిపోయి రిలీఫ్ మాత్రం వేసుకుంటే నోటీసు వస్తుంది, ఇదొక్కటి నేర్చుకున్నా మీ నాన్నగారి స్టాఫ్‌రూమ్ అంతా నీ దగ్గరకే వస్తారు చూడు.

పన్ను లెక్కకి రెజీమ్‌లు అని రెండు పద్ధతులున్నాయి, కొత్త రెజీమా పాతదా అని రెండూ లెక్కేసి చూడు. 2025-26 ఆదాయానికి కొత్తదాంట్లో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి నేరుగా తీసేసే మినహాయింపు) ఉంది, అంటే జీతం ఒక్కటే ఉంటే 12.75 లక్షల దాకా పన్ను పడదు. హౌస్ లోన్ వడ్డీ బాగా కడుతుంటే పాతది ఏమైనా కలిసొస్తుందేమో చూడాలి, అది కావాలంటే మాత్రం గడువులోపే వేయాలి. వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) చేయాలి, ఆధార్ ఓటీపీ నాన్నగారి ఫోన్‌కి వస్తుంది కాబట్టి ఆయన ఇంట్లో ఉన్నప్పుడే కూర్చో. వెరిఫై చేయని రిటర్న్ వేసినట్టు కాదు.

బతకొచ్చా అన్నావు కదా. రిటర్న్ తయారుచేసి పెట్టడానికి సీఏ అవ్వక్కర్లేదు, ఆడిట్ సంతకానికే సీఏ కావాలి. కాకపోతే ఐటీ రిటర్నుల సీజన్ రెండు మూడు నెలలే, దాని మీదే ఆధారపడితే మిగతా ఏడాది ఖాళీ. అందుకే టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్), జీఎస్టీ, టీడీఎస్ రిటర్నులు కూడా నేర్చుకో, పలాస జీడిపప్పు వ్యాపారులకైనా రైస్ మిల్లులకైనా అవి ఏడాది పొడుగునా కావాలి. విజయనగరంలో ఏదైనా సీఏ ఆఫీసులో, జీతం తక్కువైనా సరే, ఒక సీజన్ పనిచేయి. బీకాంలో 55 శాతం వస్తే ఫౌండేషన్ (సీఏ మొదటి పరీక్ష) లేకుండా నేరుగా సీఏ ఇంటర్‌కి వెళ్లొచ్చు, ఆ దారి ఇప్పుడే మూసేసుకోవద్దు. గవర్నమెంట్ ఉద్యోగం కావాలంటే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (డిగ్రీవాళ్లకి కేంద్ర ఉద్యోగాల పరీక్ష) రాసి ఇన్‌కంట్యాక్స్‌లోనే ట్యాక్స్ అసిస్టెంట్, ఇన్‌స్పెక్టర్ అవ్వొచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి, 1961 చట్టం మీద పాతికేళ్లు పనిచేసినవాళ్లు కూడా ఇప్పుడు నీతోపాటే కొత్తగా చదువుకోవాలి, నీ వయసు వాళ్లకి ఇంతకంటే మంచి టైం రాదు.

ఇక ఆ కమీషన్ రిఫండ్ సంగతి. ఇన్సూరెన్స్, పీఎఫ్ తప్ప ఏమీ లేని టీచర్‌కి పెద్ద రిఫండ్ ఎలా వచ్చిందో నాకు అనుమానంగానే ఉంది. లేని విరాళాలు, ఇంటద్దెలు చూపించి ఇలా రిఫండ్లు తెప్పించేవాళ్ల మీద 2025 జూలైలో డిపార్ట్‌మెంట్ దేశమంతా 150 చోట్ల సోదాలు చేసింది. దొరికితే ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం పెనాల్టీ, అది నింపినవాడికి కాదు, రిటర్న్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి. కాబట్టి కొత్త రిటర్న్ కంటే ముందు, ఈ రాత్రే నాన్నగారి లాగిన్‌లో పోయినేటి రిటర్న్ డౌన్‌లోడ్ చేసి ప్రతి డిడక్షన్‌కీ ఇంట్లో కాగితం ఉందో లేదో ఇద్దరూ కూర్చుని చూడండి. లేకపోతే నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్న్ (గడువులు దాటాక పాత తప్పు సరిచేసే రిటర్న్) వేసి కట్టేయండి, అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఆర్థిక సంవత్సరం) ముగిశాక మొదటి ఏడాదిలో అయితే పన్ను, వడ్డీ మీద అదనంగా 25 శాతం, రెండో ఏడాదికి వెళ్తే 50. నాన్నగారు ఒప్పుకోకపోతే ఈ పేరా ఆయనకి చదివి వినిపించు తల్లీ.