సొంత బోర్డు మీద ఫ్రీఆర్‌టీఓఎస్ మొదటి టాస్కు దగ్గరే ఆగిపోతే

కొన్న బోర్డు మీద చక్కగా నడిచిన ఫ్రీఆర్‌టీఓఎస్ (టాస్కులనే పనులను చిన్న చిప్పుల మీద వంతులవారీగా నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) మీరు తయారుచేసుకున్న బోర్డు మీద మొదటి టాస్కు దగ్గరే ఆగిపోతోందనీ, పోర్టు, అంటే దాన్ని ప్రాసెసర్‌కు కుదిర్చే కోడ్, మళ్లీ రాయాలా అనీ అడిగారు. అక్కర్లేదు. చిప్పు ఎస్‌టీఎం32ఎఫ్103 అన్నారు. దాని లోపలి కార్టెక్స్ ఎం3 కోరుకు (ప్రాసెసర్ భాగానికి) పోర్టు ఎప్పుడో సిద్ధంగా ఉంది. పోర్టు కోరును బట్టి ఉంటుంది, బోర్డును బట్టి కాదు. ఆ ఫైలు జోలికి వెళ్లకండి.

డీబగ్గర్‌తో ప్రాసెసర్‌ను ఆపి ఐపీఎస్ఆర్ రిజిస్టర్ చూడండి. ప్రాసెసర్ ఏ ఇంటరప్టులో (చేస్తున్న పని ఆపించే పిలుపులో) ఉందో దాని అంకె చెబుతుంది. 11 కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఎం3లో మొదటి టాస్కును లేపేది ఎస్‌వీసీ, అంటే సాఫ్ట్‌వేరే చేసే పిలుపు; దాని అంకే 11. దాని హ్యాండ్లర్‌కు (ఆ పిలుపు వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్‌కు) స్టార్టప్ ఫైలులో ఒక పేరు, ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ఇంకో పేరు. రెండింటినీ కలపకపోతే ప్రాసెసర్ స్టార్టప్ ఫైలులోని ఖాళీ లూపులో పడి తిరుగుతూనే ఉంటుంది. కాన్ఫిగ్ ఫైలులో ఎస్‌వీసీ, టాస్కులు మార్చే పెండ్‌ఎస్‌వీ, టైమర్ అయిన సిస్‌టిక్ మూడింటికీ పేర్లు జతచేయండి. 3 కనిపిస్తే అది హార్డ్‌ఫాల్టు, అంటే ప్రాసెసర్ ముందుకు సాగలేని తప్పు. ముందు స్టాకు (టాస్కు తాత్కాలికంగా వాడే మెమరీ) చాలిందో లేదో చూడాలి.

మేము పర్లాకిమిడిలో ఉంటాం. కాశీనగరం వైపు వంశధార ఒడ్డు రైతుల మోటార్లకు కంట్రోలర్లు తయారుచేస్తాం. కొత్త బోర్డు రాగానే కర్నెల్ (ఫ్రీఆర్‌టీఓఎస్) ఎక్కించం. పీఎల్ఎల్ (క్లాకు వేగం పెంచే సర్క్యూట్) లేకుండా, క్లాకు ఇచ్చే క్రిస్టల్ మీదే నడిపి, సెకనుకోసారి ఎల్ఈడీ వెలిగించి గడియారంతో పోల్చి చూస్తాం. ఒక విడతలో 60 మెరుపులు 40 సెకన్లకే అయిపోయాయి. 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉండాల్సిన చోట, బోర్డుకు భాగాలు అతికించిన వాళ్లు 12 పెట్టారు. అది తెలియక పీఎల్ఎల్‌తో తొమ్మిది రెట్లు చేసి ఉంటే, 72 దాటకూడని చిప్పును 108కి తరిమేవాళ్లం!

టాస్కులు నడిచాక అసలు తలనొప్పి ఇంటరప్టులతోనే. ఎం3లో ప్రయారిటీ అంకె తగ్గేకొద్దీ అధికారం పెరుగుతుంది. రీసెట్ కాగానే అన్నీ 0, అంటే కర్నెల్ ఆపలేని స్థాయి. ఫేజు పోయినప్పుడు వచ్చే ఇంటరప్టు నుంచి మేము క్యూలోకి (టాస్కులకు సందేశాలు చేర్చే వరుసలోకి) సందేశం పంపుతాం. దాన్ని 0లోనే వదిలేస్తే, కర్నెల్ తన జాబితాలు సర్దుకుంటున్నప్పుడు అడ్డుపడి వాటిని పాడుచేస్తుంది. అదీ ఎప్పుడో ఒకసారి, మన కళ్లెదుట కాకుండా. ఈ చిప్పులో ప్రయారిటీకి పై నాలుగు బిట్లే పనిచేస్తాయి కాబట్టి, కర్నెల్ ఆపగలిగే ఇంటరప్టులు మొదలయ్యే హద్దు 5 కావాలంటే రిజిస్టర్ విలువ 80 ఇవ్వాలి. ఉత్త 5 ఇస్తే అది 0 కిందే లెక్క. కాన్ఫిగ్ అసర్ట్ (తప్పు కనబడగానే ప్రోగ్రామును ఆపే తనిఖీ) పెట్టుకుంటే ఇలాంటివి బల్ల మీదే బయటపడతాయి.

ఇంత చేసినా మోటారు ఆగిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతుంటే ఆర్‌టీఓఎస్‌ను తిట్టకండి. మోటారును ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టర్ కాయిల్‌కు స్నబ్బర్ (కాయిల్ ఆగినప్పుడు ఎగిసే వోల్టేజీని మింగే భాగం) ఉందేమో చూడండి.