అన్నయ్యతో మాటలు కలవాలంటే

సోదరా, వందనాలు. మామిడి కాపు అమ్మిన డబ్బులో అన్నయ్య వాటా దాచుకున్నానని, ఆరేళ్లుగా ఆయన ఫోను ఎత్తడం లేదని, క్షమించమని రోజూ ప్రార్థిస్తున్నా మనసు తేలికపడడం లేదని రాశారు. ఎలా తేలికపడుతుంది? క్షమాపణ అడగవలసిన మనిషి చిత్తూరులో ఉంటే మీరు తిరుపతిలో మోకరిస్తున్నారు! బలిపీఠం దగ్గర ఉండగా, సహోదరుడికి మీ మీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయం 23, 24 వచనాలు చెబుతున్నాయి. మధ్యలో ఉన్నది దాదాపు 70 కిలోమీటర్లే, బస్సు ఎక్కండి.

వట్టి చేతులతో మాత్రం వెళ్లకండి. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). మీరు కనీసం అసలైనా, లెక్క రాసిన కాగితంతో సహా, ఇవ్వండి. ‘తప్పు నాదే’ అనండి. ఆ వెనుక ‘కానీ’ అనే మాట రానివ్వకండి. మా ఇంట్లో రాజీ రెండుసార్లు చెడింది ఆ ఒక్క మాటతోనే. మొదటిసారే పాస్టరుగారిని, పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్తే పంచాయితీలా ఉంటుంది. బైబిల్లో అన్న ఏశావు, తనను మోసం చేసిన తమ్ముడు యాకోబు తిరిగి వచ్చినప్పుడు, పరుగెత్తి వచ్చి కౌగిలించుకున్నాడు. మీ అన్నయ్య ఆ రోజే అలా చేయకపోవచ్చు. మాట్లాడకపోతే డబ్బు మీ వదినగారి చేతికిచ్చి వచ్చేయండి. క్రిస్మస్‌కు మళ్లీ వెళ్లండి.